పడమటి వరస పేజీని ఎవరు చూస్తున్నారు

1వ రోజు

కొత్త బోర్డులు ఈ రోజు బిగించాం. అరచేతిలో పట్టేంత ఆకుపచ్చ ముక్కలు. పాతవి పద్దెనిమిదేళ్లు పనిచేసి, తేమకు తుప్పు పట్టి, ఇక మావల్ల కాదన్నాయి. ఇళ్ల తూరుపు వరసకు ఒకటి, పడమటి వరసకు ఒకటి. తూరుపు వరస గాలికాపరిని నేను, చౌడేశ్వరిని. పడమటి వరస దస్తగిరిది. నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నవాడు. ఇద్దరం ఒకేసారి పని నేర్చుకున్నాం, ఫ్యాన్లు కూడా చెరి ఏడు.

బోర్డు చేసే పని ఒకటే. ఇళ్లలో చెడుగాలి ఎంతుందో సెన్సార్లు చెబుతాయి, దాన్నిబట్టి ఫ్యాన్ల వేగం పెంచడమో తగ్గించడమో చేస్తుంది. ఇన్నాళ్లూ ఆ అంకెలు చూడాలంటే ఫ్యాన్ల గదికి వెళ్లి బోర్డుకు తీగ తగిలించాలి. ఈసారి గాలిసంఘం పెద్ద ఓబన్న కొత్త సంగతి అడిగాడు.

"అమ్మా చౌడేశ్వరీ, ప్రతి ఇంట్లో ఫోనుండాది గదా. గాలెట్లుందో ఎవురి ఫోన్లో వాళ్లకు కనపడేతట్టు చేయల్ల. పైన ఎండకు తట్టుకోల్యాక ఈ గనిలోకి దిగొచ్చి ఇరవైమూడేండ్లైనా, మన జనాలకు ఊపిరి మింద ఇంకా నమ్మకం రాల్య."

అంటే బోర్డు లోపలే చిన్న వెబ్ సర్వర్ కట్టాలి. ఫోను తలుపు తడితే బోర్డు ఒక పేజీ అందిస్తుంది. ఉన్న కొద్ది జాగాలో పేజీ, సర్వర్, ఫ్యాన్లు నడిపే ప్రోగ్రాము, మూడూ సర్దుకోవాలి. "అయ్యే పనే" అన్నాను. దస్తగిరి కూడా తలూపాడు. వాడికి అప్పటికి సర్వర్ రాయడం రాదు. ఆ మాట ఓబన్నకు చెప్పలేదు, ఎందుకులే పాపమని. అప్పట్లో నాకు వాడిమీద పాపం అనిపించేది.

6వ రోజు

నా పేజీ లేచింది. ఏడు ఫ్యాన్లకు ఏడు గీతలు, ప్రతి గదికీ చెడుగాలి అంకె, చుక్క తర్వాత నాలుగు స్థానాల దాకా. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. బొమ్మలన్నీ గీతలతోనే గీయించాను, జాగా తినకుండా. చూసుకుంటుంటే నాకే ముచ్చటేసింది.

దస్తగిరి వచ్చి పక్కన కూర్చున్నాడు. "అక్కా, నీది ఒకసారి నాకిస్తావా? చూసి నేర్చుకుంటా." ఇచ్చాను. ఎంతమంది చూశారో లెక్కపెట్టే ముక్క కూడా ఇచ్చాను, అది నేనే రాసింది. సంఘానికి ఆ లెక్క కావాలి. పేజీ అడిగిన ప్రతిసారీ అంకె ఒకటి పెరుగుతుంది. ఎవరడిగారో దానికి తెలియదు. పేజీ లోపల మారే అంకెలు మాత్రం వేరే వాకిట్లోంచి వస్తాయి, ఆ వాకిలిని లెక్కలోకి తీసుకోలేదు. పేజీ తెరిచి ఉన్నంతసేపూ అంకెలు వస్తూనే ఉంటాయి కదా, వాటినీ లెక్కపెడితే అబద్ధమవుతుంది.

12వ రోజు

వాడి పేజీ కూడా లేచింది. ఈ రోజు లెక్క: నాది ముప్పై ఒకటి, వాడిది ముప్పై ఎనిమిది.

కొత్తది కాబట్టి చూస్తున్నారులే అనుకున్నాను. నాది కూడా ఆరు రోజుల కిందట కొత్తదే, అప్పుడు ఇరవైతొమ్మిది మాత్రమే వచ్చింది. సరే.

14వ రోజు

నాది నలభై నాలుగు. వాడిది యాభై అయిదు.

నా నలభై నాలుగులో కొన్ని నావే. పేజీ సరిగ్గా వస్తోందో లేదో పరీక్షించుకోవాలి కదా.

వాడి పేజీ తెరిచి చూశాను. రెండు మూడు సార్లు. అందులో ఏముందని? గీతల్లేవు, రంగుల్లేవు. మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: "ఈ పూట గాలి బాగుంది. గట్టి పనులు చేసుకోవచ్చు." అంతే. అంకెను మాటలోకి మార్చడానికి ఒక పట్టిక పెట్టుకున్నాడు. దానికి చోటు చాలక నేనిచ్చిన సర్వర్లో సగం పీకేసి మళ్లీ రాసుకున్నాడట. ఇదొక పనా? నేను నాలుగు స్థానాల దాకా లెక్క చూపిస్తుంటే వీడు "బాగుంది" అంటాడు. ఎంత బాగుంది? ఎవరికి బాగుంది?

మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. గాలికాపరి సంసారం వరస చివరి గదిలోనే ఉండాలని మా ఊరి కట్టుబాటు. దాన్ని కొసగది అంటాం. గాలి అన్ని ఇళ్లూ దాటుకుని ఆఖరున అక్కడికి చేరుతుంది, తగ్గితే ముందు తగ్గేదీ అక్కడే. ఊరికి గాలి పంపేవాడు కొస గాలి పీల్చాలి, అప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడని పెద్దల ఆలోచన. తూరుపు కొసగదిలో నేనొక్కదాన్నే. పడమటి కొసగదిలో దస్తగిరి, వాళ్లమ్మ ఖాసింబీ.

ఖాసింబీ పెద్దమ్మ వయసులో ఉన్నప్పుడు బండలు పాలిష్ పట్టేది. ఆ దుమ్ము ఇప్పటికీ ఊపిరితిత్తుల్లోనే ఉంది. పని నేర్చుకునే రెండేళ్లూ ఆమె చేతి జొన్నరొట్టె తినే బతికాను. ఈ రోజూ పెట్టింది. పెట్టి, ఫోను చూపించింది.

"చూడు చౌడా, మావాడు ఏం రాసినాడో. గాలి బాగుందంట. నాకు సదువు అంతంతమాత్రమే, అయినా సదువుకున్నా."

"నాది చూసినావా పెద్దమ్మా?"

"చూస్తిని బిడ్డా. నీది చూస్తే పరీచ్చకు కూసున్నట్టుండాది."

మిగిలిన రొట్టె పళ్లెంలోనే వదిలేశాను. నీళ్లు తాగి వచ్చేశాను.

19వ రోజు

దాచుకోవడం దేనికి, ఇది నాకోసం నేను రాసుకుంటున్నదే. నాకు కడుపుమంటగా ఉంది.

పొద్దున లేవగానే ముందు వాడి లెక్క చూస్తున్నాను. ఫ్యాన్ల గదికి వెళ్లేలోపు ఇంకోసారి, అన్నం ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి. నిన్న పైన సోలార్ పలకలు తుడిచే ఆడవాళ్లు ఎండ ముదరకముందే పైనుంచి దిగొస్తూ, నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసి నవ్వారు. "ఏం చౌడక్కా, నీ వరస ఇడిసిపెట్టి పడమటి గాలి చూస్తాండావే?"

సిగ్గేసింది. చేత్తో చూడడం మానేశాను. చిన్న ప్రోగ్రాము రాసి నా బోర్డులోనే పెట్టాను. నిమిషానికి ఒకసారి వాడి బోర్డు తలుపు తట్టి, లెక్క తెచ్చి, నాకు గీతగా గీసి చూపిస్తుంది. అంకెలిచ్చే వాకిట్లోంచే అడుగుతుంది కాబట్టి లెక్కలో పడదు. పడుకోబోయే ముందు పావుగంటలో రాసేశాను. అంత చకచకా రాసి చాలా రోజులైంది.

20వ రోజు

వాడిది పద్నాలుగు వందల తొంభై ఆరు.

తప్పు చదివానేమోనని మళ్లీ చూశాను. నిన్న అరవై, ఈ రోజు పద్నాలుగు వందల తొంభై ఆరు. పడమటి వరసలో ఉన్నదే ఆరువందల మంది. అంటే చంటిపిల్లలతో సహా ఒక్కొక్కరు రెండుసార్లకు పైగా చూడాలి.

నిన్ననే వాడు వాక్యాలు మార్చాడు. "పప్పు ఉడికే వేళైంది, గాలి కొంచెం బరువుగా ఉంది, పది నిమిషాల్లో సర్దుకుంటుంది" అని రాయిస్తున్నాడు. జనానికి ఇలాంటివే కావాలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, నా తూరుపు వరసవాళ్లు కూడా అదే చూస్తుంటారు.

నాది నలభై ఒకటి.

22వ రోజు

సంఘం కూర్చుంది. ఓబన్న లెక్కలు చదివాడు. పడమర అనగానే గదంతా చప్పట్లు. దస్తగిరి లేచి నిలబడి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకుని, మళ్లీ తీశాడు.

"నాదేం లేదన్నా. ముసలోళ్ల ఫోన్లు నిదానం. అందుకే వచ్చినోళ్లను నా బోర్డు తొందరపెట్టదు. తలుపు తట్టి తిరిగి మాట్లాడకపోయినా నిమిషమున్నర కాసుకుంటాది. అంతే నేను చేసింది."

అందరికీ మళ్లీ ముద్దొచ్చింది. బయటికొచ్చాక నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, ఇదంతా నువ్వు నేర్పిందే." ఎవరూ లేని చోట అన్నాడు. అదే మాట లోపల, సంఘంలో అనొచ్చు కదా? అన్నాడేమో, చప్పట్లలో నాకు వినపడలేదేమో. అయినా అనొచ్చు కదా.

24వ రోజు

ఆలోచించగా తేలింది. వాడు లెక్క దొంగిలిస్తున్నాడు.

ఆరువందల మంది పద్నాలుగు వందలసార్లు చూడడం జరగని పని. పైగా రోజూ అంతే, పండగైనా పనిరోజైనా. పిల్లలు పడుకున్నాకా పెరుగుతోంది, అందరూ పడుకున్నాకా పెరుగుతోంది. మనుషులు చూస్తే అలా ఉంటుందా? బోర్డులో ఏదో పెట్టాడు, తనంతట తానే అంకె పెంచుకునేలా. ఆడలేక మద్దెల ఓడంటున్నానని ఎవరైనా అంటారని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కానీ లెక్క లెక్కే.

దొంగను పట్టుకోవాలంటే రెప్ప వేయకూడదు. నిమిషానికి ఒకసారి చాలదు. పది సెకన్లకు ఒకసారి చూడమని నా ప్రోగ్రాముకు చెప్పాను.

25వ రోజు

ఎనిమిది వేల ఏడువందలు. చూశారా! పట్టుబడతాడని భయం కూడా లేదు వాడికి.

28వ రోజు

నిన్న అయిదు సెకన్లకు దించాను. ఈ రోజు వాడి లెక్క పదిహేడు వేల మూడువందలు.

ఓబన్నకు చెబుదామని బయల్దేరి, సగం దారిలో ఆగిపోయాను. రుజువేది? నా గీత మొదట్నుంచి చివరిదాకా తాడు పట్టి గీసినట్టు నున్నగా ఎక్కుతోంది. వాడు ఏ క్షణంలో అంకె దూర్చుతున్నాడో దొరకడం లేదు. ఓపిక పట్టాలి.

ఇంకో సంగతి. సాయంత్రం పని వదిలే సైరన్ వేళ వాడి బోర్డు నలభై సెకన్లు పలకలేదు. తర్వాత దానంతటది లేచింది. మా బోర్డుల్లో ఒక కాపలా గడియారం ఉంటుంది. బోర్డు బిగుసుకుపోతే చూసి చూసి మళ్లీ మొదట్నుంచి నడిపిస్తుంది. ఆ నలభై సెకన్లూ ఫ్యాన్లు ఆగుతాయి.

అంటే వాడి బోర్డు సరిగ్గా లేదు. ఇది రాస్తుంటే నా చెయ్యి తేలిగ్గా ఉంది.

31వ రోజు

పొద్దున రెండుసార్లు, సాయంత్రం మూడుసార్లు ఆగింది. జనం ఫోన్లు తెరిచే వేళల్లోనే. సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. "అంతమంది చూస్తే బోర్డు యాడ తట్టుకుంటాది" అని కొందరు, "కాదు, దస్తగిరికి పొగరెక్కింది, బోర్డు సంగతి మరిచినాడు" అని కొందరు. నేను ఏమీ అనలేదు. అననందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

34వ రోజు

దస్తగిరి ఫ్యాన్ల గదికి వచ్చాడు. కళ్ల కింద నల్లగా ఉంది.

"అక్కా, ఒకసారొచ్చి చూస్తావా? సెన్సార్లు మార్చినా, కరెంటు పెట్టె మార్చినా, తీగలన్నీ మార్చినా. ఐనా ఆగుతాండాది."

"పేజీ తీసేసి చూడు."

"పదిహేడు వేలసార్లు చూస్తాండారక్కా. తీసేస్తే బయపడరా? దానిమిందే నమ్మకం పెట్టుకోని ఉండారు." కాసేపాగి అన్నాడు. "నా బతుకులో ఇంతమంది నన్ను చూసింది ఎప్పుడూ ల్యా."

"నాకూ ఏడు ఫ్యాన్లున్నాయి దస్తగిరీ, తీరికైతే వస్తాలే" అన్నాను. తీరిక ఉంది. పొద్దుటినుంచీ చేసిందల్లా వాడి గీత చూడడమే.

వాడు వెళ్లాక ప్రోగ్రామును మూడు సెకన్లకు దించాను. వాడి ఫ్యాన్లు ఏ సెకనులో ఆగాయో, ఏ సెకనులో లేచాయో ఒక్కటీ వదలకుండా రాసి సంఘం ముందు పెట్టాలి.

35వ రోజు

వాడి లెక్క పది వేలకు పడిపోయింది. జనం విసిగిపోతున్నారన్నమాట. అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

బోర్డు మాత్రం మూడు నిమిషాలకోసారి ఆగి లేస్తోంది. ఫ్యాన్లు వేగం అందుకునేలోపే మళ్లీ ఆగుతున్నాయి. సంఘం నుంచి కబురొచ్చింది: ఇలాగే ఉంటే పడమటి వరస కూడా నాకే అప్పగిస్తారు. దస్తగిరిని పైకి, పలకలు తుడిచే పనికి పంపుతారు. ఎండలో పనిచేసేవాళ్లు పదేళ్లకే కళ్లు పోగొట్టుకుంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, సరేనన్నాను.

36వ రోజు

మధ్యాహ్నం ఖాసింబీ పెద్దమ్మ పడిపోయింది.

చెడుగాలి వాసనకు తెలియదు. ముందు తలనొప్పి, తర్వాత మగత. దస్తగిరి తన ఫ్యాన్ల గదిలో ఉన్నాడు. ఇంటికెళ్లేసరికి ఆమె పొయ్యి పక్కనే ఒరిగి ఉందట, పెదాలు నీలంగా. వీపు మీద వేసుకుని ఆసుపత్రి గదికి పరిగెత్తాడు. ఆక్సిజన్ పెట్టారు. ఊపిరి ఉంది, తెలివి లేదు.

ఓబన్న నా దగ్గరికి మనిషిని పంపలేదు, తనే వచ్చాడు. "ఆ పిల్లోడు అమ్మ కాడుండాడు. పడమటి బోర్డు నువ్వు చూడు. కొసన ఇంకా నాలుగిండ్లుండాయి చౌడేశ్వరీ."

వెళ్లి బోర్డుకు తీగ తగిలించాను. తలుపు దగ్గర ఎవరెవరు నిలబడి ఉన్నారో చూపించమని అడిగాను. ఇరవైమందికి చోటున్న బోర్డు అది. ఇరవైమందీ ఉన్నారు. ఇరవై వరుసలూ తెరమీదికి వచ్చాయి.

ఇరవైలోనూ ఒకటే చిరునామా. నా తూరుపు బోర్డుది.

తర్వాత వాడి ప్రోగ్రాము తెరిచాను. చోటు చాలక నేనిచ్చిన రెండు వాకిళ్లనూ వాడు ఒకటి చేసేశాడు. పేజీకి వచ్చినా, అంకెలకు వచ్చినా ఒకటే తలుపు, ఒకటే లెక్క. నేను తట్టిన ప్రతి తట్టూ ఒక మనిషిగా లెక్కలో పడింది. పైగా పావుగంటలో రాసిన నా ప్రోగ్రాము తలుపు తట్టి, అంకె పట్టుకుని, వెళ్లొస్తానని చెప్పకుండా వచ్చేస్తోంది. ముసలోళ్ల ఫోనేమోనని వాడి బోర్డు నాకోసం నిమిషమున్నర కాసుకుంటోంది. అంతలో నేను మళ్లీ తడుతున్నాను, మళ్లీ కాసుకుంటోంది. ఇరవై చోట్లూ నిండి, ఊపిరాడక బిగుసుకుపోతోంది.

పదిహేడు వేలమంది ఎవరో కాదు. నేను.

నా ఫ్యాన్ల గదికి వచ్చి ప్రోగ్రాము ఆపేశాను. ఒక్క నొక్కుతో ఆగిపోయింది. పడమటి ఫ్యాన్లు లేచి, వేగం అందుకుని, ఇక ఆగలేదు.

37వ రోజు

"చౌడక్క చెయ్యి పెట్టింది, బాగైపాయె." ఊరంతా ఇదే మాట. పడమటి వరసవాళ్లు గిన్నె నిండా బెల్లం వేసిన పాయసం తెచ్చిచ్చారు. ఏం చేశావని ఓబన్న అడిగితే "తలుపు దగ్గర అడ్డం పడింది తీశాను" అన్నాను. అబద్ధం కాదు.

పెద్దమ్మకు తెలివొచ్చింది. దస్తగిరి వచ్చి రెండు చేతులూ జోడించాడు. మామూలుగా అయితే వాడు అలా నిలబడితే నాకు సంతోషంగా ఉండేది.

పాయసం తినలేదు.

39వ రోజు

వాడి లెక్క ఈ రోజు పద్నాలుగు.

సంఘం తీర్మానం చేసింది. ఎల్లుండి అప్పగింత. వాడు కొసగది ఖాళీ చేస్తాడు, పడమటి వరస నాది, వాడు పలకల పనికి పైకి. నేను నోరు తెరిస్తే ఆ తీర్మానం ఆగుతుంది. తెరవలేదు, కుక్కిన పేనులా కూర్చున్నాను. ఎవరో "ఆ పిల్లోడి బోర్డు చెడగొట్టింది ఏందో తెలిసిందా" అని పక్కవాళ్లను అడిగారు, నన్ను కాదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేనే లేచి "ఇంకా తెలీదు" అన్నాను.

తెలీదట.

41వ రోజు

అప్పగింతకు వెళ్లాను. సామాను రెండు మూటలు కట్టి గోడకానించి ఉన్నాయి. పెద్దమ్మ మంచం మీద, ముక్కు దగ్గర గొట్టం. దస్తగిరి నాకోసం ఒక కాగితం రాసిపెట్టాడు. ఏ ఫ్యాను ఏ వేళ అరుస్తుంది, ఎవరి ఫోను నిదానం, ఎవరికి ఏ మాట రాస్తే అర్థమవుతుంది, అన్నీ.

"ఇది చదువుకో అక్కా. పద్నాలుగుమందే చూస్తాండారిప్పుడు. అమ్మ పడిపాయె గదా, జనాలకు నా మింద నమ్మకం పోయింది. పోనీలే. ఒకప్పుడు పదిహేడు వేలు చూసిరి. పైన ఎండలో ఉన్నా అది తలుచుకుంటా."

ఇక నావల్ల కాలేదు.

"ఆ పదిహేడు వేలూ నేనే దస్తగిరీ."

చెప్పాను. నిమిషానికి ఒకటి, పది సెకన్లకు ఒకటి, అయిదు, మూడు. ఎందుకు తట్టానో, ఎలా తట్టానో, నా తట్లకే బోర్డు ఎలా బిగుసుకుపోయిందో, ఆపింది ఎలాగో. ఏదీ దాచలేదు.

పెద్దమ్మ గొట్టం పక్కకు జరుపుకుంది. "యాల బిడ్డా అన్నిసార్లు చూస్తివి?"

"ఓర్వలేక పెద్దమ్మా."

ఆమె కళ్లు మూసుకుంది. దస్తగిరి కాగితం మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"మాయమ్మ సచ్చిపోయుండేది" అన్నాడు.

"అవును."

"నువ్వు ఈడ రొట్టె తిన్నావు."

"అవును."

ఫ్యాను ఒకటే మోత. ఆఖరికి, నేలమీదికే చూస్తూ అన్నాడు.

"సంఘంలో సెప్పు. బోర్డు చెడింది నీవల్లని సెప్పు, అమ్మ పడింది నీవల్లని సెప్పు. అంకె సంగతి మాత్రం సెప్పద్దక్కా. పదిహేడు వేలు నువ్వేనని సెప్పద్దు. నవ్వుతారు."

వాడి కడుపులోనూ నా కడుపులో ఉన్నదే ఉందని అప్పుడు తెలిసింది. నాది మంటయింది, వాడిది ఆకలయింది.

42వ రోజు

సంఘం నిండుగా ఉంది. లేచి చెప్పాను. అంకె లేకుండా చెప్పాలనే చూశాను. "నా బోర్డు వాడి బోర్డును ఊరికూరికే తట్టింది, అందుకే ఆగింది" అన్నాను. కానీ ఓబన్న ముప్పై ఏళ్లు గనిలో బండలు లెక్కపెట్టినవాడు.

"ఊరికూరికే అంటే దినానికి ఎన్నిసార్లు?"

దస్తగిరి వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది. కానీ తక్కువ చెబితే, అన్ని తట్లకే ఆగిపోయిన బోర్డు పనికిమాలినదవుతుంది, వాడు మళ్లీ పైకి పోవాల్సిందే.

"పదిహేడు వేలు" అన్నాను.

ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో "అయితే ఆ చప్పట్లన్నీ చౌడక్కకా" అన్నారు. గది గదంతా నవ్వింది. దస్తగిరి తల ఇంకా కిందికి పోయింది, మెడ ఎముక కనపడింది.

ఓబన్న నవ్వలేదు. తీర్పు ముందే మనసులో ఉన్నట్టుంది, చెప్పేశాడు. పడమటి వరస దస్తగిరికే. నాకు ఏడాదిపాటు పలకల పని. తూరుపు వరసకు మనిషి దొరికేదాకా దాన్ని కూడా దస్తగిరే చూస్తాడు. నేను తలూపాను. కూర్చోబోతుంటే ఆపాడు.

"ఉండమ్మా. నీ తట్లన్నీ తీసేసి చెప్పు. నిజంగా మనుషులు ఎవురి పేజీ ఎక్కువ చూస్తాండారు? సంఘానికి ఆ లెక్క కావల్ల."

ఆ లెక్క నాకు తెలుసు. నిన్న కొసగదినుంచి వచ్చాక నా బోర్డుకు కూడా తీగ తగిలించి, లెక్కకు తెలియకపోయినా బోర్డు లోపల దాచుకునే, తలుపు దగ్గరికి వచ్చినవాళ్ల జాబితా మొదటిసారి తీశాను. రోజూ నలభై అని మురిసిపోయిన నా లెక్కలోంచి నా ఫోను చిరునామా కొట్టేశాను. కొట్టేశాక మిగిలింది చూసి, మరోసారి కూడితే, మళ్లీ అదే వచ్చింది. ఇక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు. కొంచెం పెంచి చెప్పినా అడిగేవారు లేరు. ఇంత జరిగాక కూడా పెంచుదామనే అనిపించింది, కడుపులో అదే మంట.

"వాడిదే ఎక్కువ. వాడిది పద్నాలుగు" అన్నాను. "నాది ఆరు."

నవ్వులు ఆగిపోయాయి. దస్తగిరి తలెత్తాడు. వాడి ముఖంలో కోపం ఉంటుందని, అది పడడానికి సిద్ధపడి వచ్చాను.

"ఆరేనా అక్కా?" అన్నాడు మెల్లగా.

వాడి గొంతులో జాలి ఉంది. దానికి నేను సిద్ధపడి రాలేదు.